రెండు డబ్బాల మేపుల్ బూడిద

సమాధి దగ్గర పాస్టరు గారు పుస్తకం తెరిచి, మట్టి గురించీ బూడిద గురించీ చదవాల్సిన ఆ నాలుగు మాటల దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగారు. ఆగకుండా చదివేస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఆగారు కాబట్టి, ఎందుకు ఆగారో వెనక వరసలో ఉన్న మా అందరికీ తెలిసిపోయింది. ఫిబ్రవరి చలి, బూట్లు మంచులో కూరుకుపోయి ఉన్నాయి, ఎదురుగా శవపెట్టె ఉంది, పక్కనే కుర్చీలో పోయినాయన భార్య, మా ఆంటీ ఉన్నారు. అలాంటి చోట నవ్వినవాళ్లని ఏమనాలో నాకూ తెలుసు. స్కార్ఫ్ నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన దగ్గు నటించాడు. చివరికి ఆంటీయే మా వైపు తిరిగి, "నవ్వండర్రా, పర్లేదు. ఆయనైతే ఈపాటికి ఏ కట్టె బూడిదో అడిగేవారు" అన్నారు. పాస్టరు గారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదలడం అందరం చూశాం.

ఆ పెట్టెలో ఉన్నాయన్ని మేం బూడిద అంకుల్ అనేవాళ్లం. మొదట్లో చాటుగా, తర్వాత ముఖానే. ఆయన ఏమీ అనుకోలేదు సరికదా, ఫోన్ ఎత్తి తనే "నేనమ్మా, బూడిదని" అనేవారు. ఇక్కడ అమెరికాలో, నోవై అనే ఊళ్లో బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. ముప్పై ఏళ్లపాటు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఏమీ దొరక్క మా చర్చి మీద పడ్డారు.

ఇదంతా ఎలా మొదలైందంటే, ఒక చలికాలం పక్కింటి అమెరికన్ తన ఫైర్‌ప్లేస్ బూడిదని నల్ల సంచిలో కట్టి చెత్తకుండీలో వేస్తుంటే ఈయన చూశారు. చూసి ఊరుకునే మనిషి కాదు. "భూమి లోపల్నుంచి పొటాష్ తవ్వి, రైలెక్కించి, సంచుల్లో పోసి రైతుకి అమ్ముతున్నారు. మీ ఇంట్లో పొయ్యి ఊరికే ఇస్తుంటే చెత్తలో వేస్తారా?" అని ఆయనకి ఇంగ్లీషులో క్లాసు పీకారు. ఆ అమెరికన్ బెదిరిపోయి సంచి ఈయన చేతికిచ్చేశాడు. అప్పటినుంచి మా చర్చివాళ్ల ఇళ్లలో ఫైర్‌ప్లేస్ ఉన్న ప్రతి ఇంటికీ ఒక మూతున్న రేకు డబ్బా వచ్చి చేరింది. కట్టెల పొయ్యి మీద పిజ్జా కాల్చే హోటల్‌కి నాలుగు. ప్లాస్టిక్ బకెట్ ఎవరైనా తెస్తే ఆయన వెనక్కి తగ్గేవారు. "పైకి చల్లారినట్టే ఉంటుంది. లోపల నిప్పు నిద్ర నటిస్తుంది" అనేవారు. ఆ నటనకి ఆయన కారు డిక్కీలో ఉన్న తివాచీ ఒకటి కాలిపోయింది, అది వేరే సంగతి. డబ్బా తీసుకునే ముందు, పిల్లలకి జ్వరం చూసినట్టు చేతి వెనక వైపు ఆనించి చూసేవారు.

తర్వాత పరీక్ష మొదలయ్యేది. మూత తీసి, కుడిచేతి చూపుడువేలు నాలుక మీద తడుపుకుని, బూడిదలో ముంచి, బొటనవేలితో రాసి చూసేవారు. చూస్తూనే ప్రశ్నలు.

"ఏ కట్టె?"

"ఓక్ అంకుల్."

"పెయింట్ వేసిందా?"

"లేదంకుల్."

"బొగ్గులు? అట్టపెట్టెలు? గిఫ్టు కాగితాలు?"

ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర కూడా నేను అంత తడబడలేదు. పాసైతే జేబులోంచి ఆకుపచ్చ ట్యాగ్ తీసి, ఇల్లు, కట్టె, తేదీ, పరీక్ష అని నాలుగు గీతల మీద రాసి, డబ్బాకి తగిలించేవారు. పరీక్ష అన్న గీత మీద ఎప్పుడూ "వేలు" అని రాసి పొట్టి సంతకం చేసేవారు. ఫెయిలైతే ఎర్ర ట్యాగ్. ఇదంతా మన గ్యారేజీలో జరిగితే బాగుండును. ఆయన చేసేది చర్చి పార్కింగ్ లాట్‌లో, ఆరాధనకి వచ్చిన వాళ్లందరి ముందూ.

మా చర్చికి సొంత భవనం లేదు. ఉదయం అమెరికన్లు వాడుకున్న చర్చిని మధ్యాహ్నం రెండింటికి మేం తీసుకుంటాం. వాళ్ల కాఫీ వాసన ఇంకా పోకముందే మా పాటలు మొదలవుతాయి. పాటల తర్వాత సాక్ష్యాలు. ఎవరో వీసా స్టాంపింగ్ అయిందని చెబుతారు, ఎవరో మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చెబుతారు. ఆ తర్వాత అంకుల్ లేస్తారు. చేతిలో జిప్పున్న బైబిలు, అందులో మడతపెట్టిన మట్టి పరీక్ష రిపోర్టు. "నత్రజని అందరూ వేస్తారు, ఎందుకంటే వారంలో పచ్చగా కనిపిస్తుంది. ఫోటోలో ముందు వరసలో నిలబడే రకం అది. పొటాషియం అలా కాదు. లోపలుండి మొక్కకి చలికి తట్టుకునే సత్తువ ఇస్తుంది. గడ్డి కోసుకుపోయినప్పుడల్లా పొటాష్ కూడా బండెక్కి వెళ్లిపోతుంది. మళ్లీ పెట్టేవాడు లేడు" అని మొదలుపెట్టేవారు. పాస్టరు గారు గడియారం చూసుకునేవారు. చివర్లో అంకుల్ ఆ వారం బూడిద ఇచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివేవారు. ఒక్కో పేరుకీ అందరం "స్తోత్రం" అనేవాళ్లం.

ఒకసారి పాస్టరమ్మ గారు ఈ సాక్ష్యాలు విని ఉత్సాహంగా తన బ్లూబెర్రీ మొక్కల మొదట్లో బూడిద కుమ్మరించారు. నెల తిరక్కుండా అవి పసుపెక్కి కూర్చున్నాయి. ఆవిడ అంకుల్‌తో మాట్లాడటం మానేశారు. "నేను గడ్డికీ పప్పుజాతికీ చెప్పాను. పులుపు నేల కోరే మొక్కకి వెయ్యమని ఎవరు చెప్పారు?" అని ఆయన పార్కింగ్ లాట్‌లో అందర్నీ ఆపి అడిగారు. క్షమాపణ చెప్పండి అని ఆంటీ మొత్తుకుంటే, మరుసటి ఆదివారం ఆవిడకి మట్టి నింపి పరీక్షకి పంపే కవర్ ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఆయన దృష్టిలో అదే క్షమాపణ.

చర్చి పార్కింగ్ లాట్‌కి ఆనుకుని డేల్ అనే ముసలి రైతుది ఎకరంలోపు మేత పొలం ఉంది. అందులో ఆల్ఫాల్ఫా అని పశువులు ఇష్టంగా తినే పప్పుజాతి మేత, గడ్డి కలిసి ఉంటాయి. తొమ్మిది ఆవులు. ఒక ఆదివారం వాక్యం మధ్యలో అంకుల్ కిటికీలోంచి చూసి, లేచి బయటికి వెళ్లిపోయారు. ప్రార్థన అయ్యాక మేం వెళ్లి చూస్తే కంచె దగ్గర డేల్‌తో వాదిస్తున్నారు. చేతిలో ఒక ఆల్ఫాల్ఫా రెమ్మ, ఆకుల అంచుల వెంట తెల్లటి చుక్కలు. "పొటాష్ ఆకలి. మీ ఆవులు తినేస్తున్నాయి, మీరు తిరిగి పెట్టడం లేదు" అంటున్నారు. డేల్ ఆయన టైని, బైబిల్‌ని, వేలికున్న బూడిదని మార్చి మార్చి చూశాడు. చివరికి కంచె పక్కన ఒక సన్నటి పట్టీ చూపించి, చేసుకో అన్నాడు. వదిలించుకోవడానికే అని మాకు అర్థమైంది, అంకుల్‌కి కాలేదు.

ఆ ఏడు వసంతంలో అంకుల్ ఆ పట్టీలో బూడిద చల్లారు. వేసవిలో ఆ పట్టీ ఒక్కటే ఒత్తుగా, ముదురు ఆకుపచ్చగా వచ్చింది. మధ్యలో ఎవరూ విత్తని తెల్ల క్లోవర్ పూలు. పట్టీ ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనిపించేది. ఆదివారం పట్టుచీరల్లో ఆడవాళ్లం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగాం. డేల్ వచ్చి ఆ గీత వెంట ఒకసారి నడిచి, టోపీ తీసి తల గోక్కుని, "నెక్స్ట్ స్ప్రింగ్, హోల్ థింగ్" అన్నాడు. పొలం మొత్తం. అంకుల్ ఆ మాట ఇంటికెళ్లి ఆంటీకి చెప్పి ఏడ్చారట. "ముప్పై ఏళ్లు జనం చేసినవి తిరక్కొట్టడమే గదమ్మా ఆయన పని. ఆయన చేసింది ఒకటి పాసవడం ఇదే మొదలు" అని ఆంటీ నాతో అన్నారు.

ఇక్కడ నా పాత్ర వస్తుంది, నాకు ఇష్టం లేకపోయినా.

నా డబ్బాకి అప్పటికి రెండుసార్లు ఎర్ర ట్యాగ్ పడింది. మొదటిసారి బార్బెక్యూ బొగ్గులు కలిశాయని, రెండోసారి క్రిస్మస్ గిఫ్టు కాగితాలు కాల్చామని. రెండోసారి మా కాలనీ వాళ్లు ఐదుగురు చూస్తుండగా. నేనొక పెద్ద కంపెనీలో కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, పదిమంది నా కింద పని చేస్తారు. నా బూడిద ఫెయిలవడం నాకు తల కొట్టేసినట్టయింది. ప్రతి ఆదివారం అందరి పేర్లూ చదువుతుంటే నాది తప్ప అన్నీ వినిపించేవి. ఆ చలికాలం మొదట్లో మేం ఇంటి వెనక చెక్కలతో వేసిన అరుగు, మా పాత డెక్ ఊడబెరికాం. ఇంటితో పాటే వచ్చిన డెక్, ఎన్నేళ్లదో తెలియదు. ఆ చెక్కలు వారాంతాల్లో పెరట్లో కాల్చాం, స్నేహితుల్ని పిలిచి, మొక్కజొన్న పొత్తులు పెట్టి. బూడిద రెండు డబ్బాలు వచ్చింది. తెల్లగా, మెత్తగా, ముచ్చటగా ఉంది.

అంకుల్ వేలు తడిపారు. "ఏ కట్టె?"

"మేపుల్ అంకుల్" అన్నాను.

"మేపులా?"

"మేపులే."

వేలు రాసుకుంటూ కాసేపు నిలబడ్డారు. తర్వాత ఆకుపచ్చ ట్యాగ్ తీశారు. ఆ ఆదివారం నా పేరు చదివారు. "రెండు డబ్బాల మేపుల్ బూడిద, దేవునికి స్తోత్రం." అందరూ స్తోత్రం అన్నారు. నేను పొంగిపోయాను, అబద్ధం ఎందుకు, నిజంగానే పొంగిపోయాను.

ఏప్రిల్‌లో కొత్త డెక్ వేయడానికి కాంట్రాక్టర్ వచ్చాడు. పాత చెక్కలేవి అని అడిగాడు. కాల్చేశామన్నాను. అతను టేపు చుట్టడం ఆపాడు. ఆ కాలం డెక్ చెక్కలకి కుళ్లకుండా మందు పట్టించేవారట, అందులో ఆర్సెనిక్ ఉంటుందట, కాలిస్తే విషమంతా బూడిదలోనే మిగులుతుందట. "ఆ బూడిద ఆవులు నాకినా చచ్చిపోతాయి. ఎక్కడ పారేశారు?" అన్నాడు. అది శుక్రవారం. శనివారం ఉదయం డేల్ పొలంలో బూడిద చల్లడం.

అంకుల్‌కి మూడుసార్లు ఫోన్ కలిపి, రింగవకముందే పెట్టేశాను. నాలుగోసారి ఆయనే చేశారు. "నేనమ్మా, బూడిదని. రేపు ప్రార్థన నువ్వే చెయ్యాలి. నీ డబ్బాలే పెద్దవి ఈ ఏడు" అన్నారు. నేను సరే అంకుల్ అన్నాను.

శనివారం పొలం దగ్గర పదిహేనుమందిమి. డోనట్ల పెట్టెలు, మాస్కులు, చేత్తో తోసే స్ప్రెడర్ బండ్లు రెండు. కంచె అవతల తొమ్మిది ఆవులు మా వైపే చూస్తున్నాయి. డేల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరి బూడిదా సమానంగా ఉండాలని అంకుల్ రెండు రోజుల ముందే డబ్బాలన్నీ ఆరు డ్రమ్ముల్లో కలిపేశారని అక్కడికెళ్లాక తెలిసింది. నా రెండు డబ్బాలు ఆరు డ్రమ్ములయ్యాయి. "సిస్టర్, మొదలుపెట్టండి" అన్నారు పాస్టరు గారు.

మా చర్చిలో ప్రార్థన గ్రాంథికంలో సాగుతుంది. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ ఉదయకాలమందు నీ సన్నిధిని కూడుకొనుటకు" అని చక్కగానే ఎత్తుకున్నాను. అబద్ధం ఒప్పుకోవడానికి గ్రాంథికం పనికిరాదని అప్పుడే తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఆ రెండు డబ్బాలూ మేపుల్ కాదు ప్రభువా. మా పాత డెక్ ప్రభువా. అందులో విషం ఉందట ప్రభువా. నాకు నిన్నే తెలిసింది ప్రభువా. ఆవులు చచ్చిపోతాయట ప్రభువా" అన్నాను. వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. నేను ఆమెన్ అనడం మర్చిపోయాను. అంకుల్ అన్నారు.

కళ్లు తెరిచేసరికి ఆయన డ్రమ్ముల పక్కన ఉన్నారు. జేబులోంచి ఎర్ర ట్యాగ్‌లు తీసి ఆరు డ్రమ్ములకీ ఒక్కొక్కటే కడుతున్నారు. ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసి మరీ కట్టారు. తర్వాత డేల్ దగ్గరికి నడిచి, ఫ్యాక్టరీ భాషలో సరుకంతా తిప్పికొట్టారు.

"డేల్, లాట్ రిజెక్ట్. నో స్ప్రెడింగ్."

"హౌ మచ్ ఆఫ్ ఇట్?"

"ఆల్ ఆఫ్ ఇట్. ఒన్ బాడ్, ఆల్ బాడ్. దట్స్ ద రూల్."

డేల్ ఆవుల్ని చూశాడు, నన్ను చూశాడు, టోపీ పెట్టుకున్నాడు. "నెక్స్ట్ ఇయర్ దెన్" అన్నాడు. ఒక చలికాలమంతా ఎనిమిది ఇళ్లూ ఒక పిజ్జా హోటలూ పోగేసింది, నేను పేరు చదివించుకోవాలనుకున్నందుకు అలా పోయింది.

ప్రమాదకరమైన చెత్త తీసుకునే కౌంటీ సెంటర్‌కి డ్రమ్ములు డేల్ పికప్ ట్రక్కులో వేసుకుని అంకుల్ బయల్దేరారు. "నువ్వూ ఎక్కు" అన్నారు. హైవే మీద నలభై ఐదు మైళ్ల స్పీడులో పోతున్నాం, వెనక వాళ్లంతా హారన్లు కొడుతున్నారు. చివరికి నేనే అడిగాను.

"మీరు వేలు తడిపి చూశారు కదా అంకుల్. తెలియలేదా?"

"వేలికేం తెలుస్తుందమ్మా? ఏ బూడిదైనా తడిస్తే సబ్బులా జారుతుంది. ఆర్సెనిక్ వేలికి చెబుతుందా?"

"మరి ఎందుకా పరీక్ష?"

"నేను వేలు చూసుకుంటున్నానని ఎదుటివాళ్లు ముఖం వదిలేస్తారు. అప్పుడు ముఖం చూస్తాను. ఫ్యాక్టరీలో కూడా అంతే. పార్టు కొలవడానికి గేజీ ఉంటుంది. తెచ్చినవాణ్ణి చూడ్డానికి ముఖమే."

"నా ముఖంలో కనబడలేదా?"

"కనబడింది."

ఆయన అద్దంలో వెనక లారీని చూసుకున్నారు.

"మహా అయితే ఏ పైన్ కట్టో అయ్యుంటుందిలే అనుకున్నాను. రెండోసారి ఎర్ర ట్యాగ్ వేసినప్పుడు నీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడోసారి వెయ్యబుద్ధి కాలేదు. జాలిపడి పాస్ చేసిన లాట్ అది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. నా తప్పు."

నేను ఏడ్చాను. ఆయన డోనట్ ఇచ్చారు. సెంటర్ దగ్గర గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి కిటికీ దగ్గరికొచ్చి డ్రమ్ముల్లో ఏముందని అడిగింది. అంకుల్ వేలితో నన్ను చూపించారు. "ఆస్క్ హర్. షీ నోస్." నేను చెప్పాను, మందు పట్టించిన డెక్ చెక్కల బూడిదని, ఒక్క ముక్క దాచకుండా. సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పిన పిల్లని చూసినట్టు ఆయన తలూపారు.

మర్నాడు సాక్ష్యాల సమయంలో లేచారు. పాస్టరు గారు గడియారం చూసుకోబోయారు. "ఈ ఏడు బూడిద లేదు. తప్పు ఇన్‌స్పెక్టర్‌ది. స్తోత్రం" అని కూర్చున్నారు. ఆయన చెప్పినవాటిలో అంత చిన్న సాక్ష్యం ఇంకొకటి లేదు. నా పేరు ఎత్తలేదు.

అక్టోబరులో ఖాళీ డబ్బా పట్టుకుని అందరికంటే ముందు మా ఇంటికి వచ్చారు. అప్పటికే మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు.

"ఈ ఏడు ఏం కాలుస్తున్నారు?"

"చెర్రీ అంకుల్. పోయినేడు పక్కింటాయన కొట్టించిన చెట్టు. వెనకాల పేర్చి ఉంది, రండి చూద్దురు గానీ."

"చూపించమన్నానా? చెప్పమన్నాను."

"చెర్రీ."

"సరే" అని డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయారు. జనవరిలో వచ్చి నిండు డబ్బా తీసుకున్నారు. మూత తీయలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి, నా కళ్లలోకి చూడనైనా లేదు. ఓపిక లేదేమో అనుకున్నాను. మా ఆయన డబ్బా మోసి కారులో పెట్టాడు. మూడు వారాలకి ఆయన గుండె ఆగిపోయింది. ఆ పొలం మొత్తం పచ్చబడటం ఆయన చూడలేదు. అది నావల్ల. దీన్ని మెత్తగా చెప్పే మార్గం నాకు ఇంతవరకూ దొరకలేదు.

మొన్న ఏప్రిల్ మొదట్లో డేల్ ఆంటీకి ఫోన్ చేసి, "సో, ఆర్ వీ డూయింగ్ ఇట్?" అని అడిగాడట. ఆంటీ నన్ను పిలిచి గ్యారేజీ తలుపు తెరిచారు. డబ్బాలు గోడ వెంట వరసగా ఉన్నాయి, అన్నిటికీ ఆకుపచ్చ ట్యాగ్‌లు. డ్రమ్ముల్లో కలపడానికి ఒక్కో మూతా తీస్తూ ఒక్కో ట్యాగ్ చదువుకుంటూ వెళ్లాను. ఓక్, వేలు. బర్చ్, వేలు. పిజ్జా హోటల్, ఓక్, వేలు. చివర నాది ఉంది. ఇల్లు గీత మీద నా పేరు, కట్టె గీత మీద చెర్రీ, జనవరి తేదీ. పరీక్ష అన్న గీత మీద "మాట" అని రాసి, కింద పొట్టి సంతకం చేశారు.

మూత తీసి, వేలు తడిపి, బూడిదలో ముంచి, బొటనవేలితో రాసి చూశాను. జారింది. అదేమీ రుజువు కాదని నాకు తెలుసు. తలెత్తితే, ఆంటీ నా వేలిని కాదు, నా ముఖాన్ని చూస్తున్నారు.

"చెర్రీయే ఆంటీ" అన్నాను.

"తెలుసులే" అన్నారు ఆవిడ. "డ్రమ్ములో పోసెయ్."